పరగడుపు లెక్కలు

థైరాయిడ్ మాత్ర వేసుకునే ఇల్లాలికి పొద్దుటి పూట ఎలా గడుస్తుందో, ఆ మాత్ర రాసేవాళ్లలో ఎంతమంది ఆలోచిస్తారో నాకు అనుమానమే. చీటీ మీద ఒక్క మాట ఉంటుంది: పరగడుపున. వేసుకున్నాక అరగంట, వీలైతే గంట, మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టకూడదు. ఆరింటికి లేచి, పాలు కాచి, పిల్లల క్యారేజీలు సర్ది, అత్తగారికి కాఫీ అందించి, ఎనిమిదింటి బస్సు అందుకోవాల్సిన మనిషికి ఆ గంట ఎక్కణ్నుంచి వస్తుంది? మాత్ర మింగిన ఐదు నిమిషాలకే తనూ కాఫీ తాగేస్తుంది. ఆ కాఫీ మందుని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. టిఫిను తింటూ, తర్వాత మర్చిపోతానేమోనని, కాల్షియం బిళ్లా ఐరన్ బిళ్లా కూడా వేసేసుకుంటుంది. అవి థైరాయిడ్ మందుని కడుపులోనే పట్టేసుకుంటాయి. వాటికీ దీనికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆ సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రెండు మూడు నెలలకి రిపోర్టు వస్తుంది, థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ దిగలేదని. డాక్టరు గారు యాభై మైక్రోగ్రాములు కొట్టేసి డెబ్భై అయిదు రాస్తారు. ఆ పైసారి వంద.

“పొద్దున్న ఏం చేస్తున్నావమ్మా?” అని అడిగితే తేలిపోయేదానికి డోసు రెట్టింపైంది. పరీక్షలు ఎన్ని కావాలంటే అన్ని చేస్తారు. అడగాల్సిన నాలుగు మాటలు అడిగేవాళ్లే కరువయ్యారు.

మా ఆడపడుచు టీచరు. సంక్రాంతికి వచ్చినప్పుడు చీరల సంచీతో పాటు రిపోర్టుల సంచీ కూడా మోసుకొచ్చింది. బట్టల షాపు వాళ్లిచ్చిన గుడ్డసంచీ. అందులో ఎనిమిదేళ్ల కాగితాలు. కొన్ని రిపోర్టుల మీద అక్షరాలు వెలిసిపోయాయి, కొన్ని మడత దగ్గర చిరిగాయి. మంచం మీద పరిచి తేదీల వారీగా పేర్చుకుంటూ కూచున్నాం. థైరాయిడ్‌కి ఒక మాత్ర, షుగరుకి ఒకటి, గ్యాసుకి ఒకటి, వారానికో విటమిన్ డి, మధ్యమధ్యన బీ12 ఇంజెక్షన్లు. “ఇవన్నీ మింగాక ఇంక టిఫిను ఎక్కడ పడుతుంది వదినా?” అని నవ్వింది. అరికాళ్లు తిమ్మిర్లు, సాయంత్రానికి బోర్డు మీద రాయడానికి చెయ్యి లేవనంత నీరసం.

వరసగా పేర్చాక కనబడిందేమిటంటే, ఇంజెక్షన్లు చేయించుకున్నప్పుడల్లా బీ12 పెరిగింది, ఆపగానే పడిపోయింది. ఒకసారి కాదు, ప్రతిసారీ. తను మాంసాహారే, పాలూ పెరుగూ కూడా బాగానే తింటుంది. అయినా ఎందుకు పడిపోతోందన్నది ఏ చీటీలోనూ లేదు. చివరికి వాళ్ల ఊళ్లోనే ఒక పెద్దాయన, పాతకాలపు ఫిజీషియను, ఆ కాగితాలన్నీ ఓపిగ్గా తిరగేసి, “గ్యాసు బిళ్ల ఎన్నాళ్లుగా వేసుకుంటున్నావమ్మా?” అన్నారట. ఎవరో ఎప్పుడో పదిహేను రోజులకి రాసింది. మందుల షాపు వాడు ఇస్తూనే ఉన్నాడు, తను వేసుకుంటూనే ఉంది, ఏళ్ల తరబడి.

తిండిలోని బీ12 విడివడాలంటే కడుపులో యాసిడ్ కావాలి. ఏళ్లకేళ్లు యాసిడ్‌ని అణిచిపెడితే ఆ పని కుంటుపడుతుంది. షుగరుకి అందరూ వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ బీ12ని తగ్గిస్తుంది. ఇక థైరాయిడ్ మాత్ర కరగాలన్నా కడుపులో యాసిడ్ ఉండాల్సిందే. అంటే ఎనిమిదేళ్లుగా విడివిడిగా వైద్యం జరుగుతున్న రెండు జబ్బుల వెనకా ఒకే బిళ్ల చెయ్యి ఉండొచ్చు. గ్యాసు మాత్ర చెడ్డదని నా ఉద్దేశం కాదు. అల్సరున్నవాళ్లకి అది ప్రాణరక్షణే. డాక్టర్ని అడక్కుండా ఎవరూ మానొద్దు కూడా. ఎందుకు మొదలుపెట్టామో, ఎప్పుడు ఆపాలో ఒకరికి గుర్తుండాలి కదా అంటున్నాను.

ఆ పెద్దాయన ఇంకో పరీక్ష కూడా రాశారు. యాంటీ టీపీవో. మన ఒంట్లోని రక్షణ దళమే థైరాయిడ్ గ్రంథి మీద తిరగబడిందో లేదో అందులో తెలుస్తుంది. ఈ జబ్బుని 1912లో హకారు హషిమోతో అనే జపాన్ వైద్యుడు వర్ణించాడు. అందుకే హషిమోతో థైరాయిడైటిస్ అంటారు. ఇవాళ మన పట్టణాల్లో థైరాయిడ్ మందగించడానికి ఎక్కువగా కనబడే కారణం ఇదే. ఇలా తిరగబడిన దళం కొందరిలో థైరాయిడ్‌తో ఆగదు, కడుపు లోపలి పొర మీదా పడుతుంది. అప్పుడు బీ12ని పేగుకి అందించే పదార్థమే తయారుకాదు. వాళ్లు ఎన్ని గుడ్లు తిన్నా సరిపోదు, జీవితాంతం ఇంజెక్షన్లో పెద్ద మోతాదు మాత్రలో తప్పవు. గ్యాసు బిళ్ల వల్ల తగ్గిందా, ఇలా తగ్గిందా అన్నది తెలియకుండా ఐదు ఇంజెక్షన్లు రాసి పంపించెయ్యడం వైద్యం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

కారణం వెతకడం మనవాళ్లకి చేతకాదని ఎవరూ అనలేరు. శ్రీకాకుళంలో పుట్టి విశాఖలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామి 1950ల్లో హిమాలయాల కింద కాంగ్రా లోయకి వెళ్లారు. అక్కడ ఇంటింటా గొంతు కింద వాపులే. దాదాపు లక్షమంది ఉన్న ఆ ప్రాంతాన్ని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు అందేలా చూశారు. కొన్నేళ్లకి ఆ రెండు చోట్లా వాపులు బాగా తగ్గాయి, మూడోచోట ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. 1962లో దేశవ్యాప్త కార్యక్రమం మొదలవడానికి ఈ లోయే దారి చూపింది. మనింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ మాట ఉండటం వెనక ఒక శ్రీకాకుళం మనిషి ఉన్నారన్నమాట. ఇప్పుడేమో ఆరోగ్యం పేరు చెప్పి, ఆ ప్యాకెట్ పక్కనపెట్టి గులాబీరంగు రాతి ఉప్పు ఎక్కువ ధర పెట్టి కొంటున్నారు. అందులో అయోడిన్ ఉండేది నామమాత్రం.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కథ ఇంకా దగ్గరిది. ఆయన బృందం అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసింది. ప్రాణాంతకమైన ఒకరకం రక్తహీనతకి మందు వెతుకుతున్న రోజులవి. ఫోలిక్ యాసిడ్ ఇస్తే రోగుల రక్తం బ్రహ్మాండంగా పుంజుకుంది. కానీ కొందరిలో కాళ్ల తిమ్మిర్లు ముదిరాయి, నడక తడబడింది. రక్తం బాగుపడుతున్నా నరాలు పాడవుతూనే ఉన్నాయి. అసలు లోపం బీ12ది. అది 1948లో గానీ చేతికి చిక్కలేదు. ఈ సంగతి తెలిసి డెబ్భై ఏళ్లు దాటింది. ఇప్పటికీ తిమ్మిర్లని వెళ్తే బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఉన్న టానిక్కు చేతిలో పెట్టి పంపేవాళ్లున్నారు. హిమోగ్లోబిన్ పెరిగిందని అందరూ సంతోషిస్తారు.

దీనికి తోడు ప్యాకేజీలు. ఎనభై పరీక్షలు, సగం ధర, ఇంటికొచ్చి రక్తం తీసుకుంటారు. రిపోర్టులో పక్కన ముద్రించే హద్దులు ఎలా గీస్తారో ఆ ప్రకటనలో చెప్పరు. ఆరోగ్యవంతుల్లో నూటికి తొంభై అయిదు మంది పడే చోటుని మామూలు అంటారు. మిగతా అయిదుగురు ఏ రోగం లేకపోయినా గీత బయటే. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై పరీక్షలు చేస్తే, నిక్షేపంలాంటి మనిషికి కూడా ఒక్కటైనా గీత దాటే అవకాశం నూటికి అరవై పాళ్ల పైమాటే. ఇక ఎనభై చేస్తే చెప్పేదేముంది! ఆ ఒక్క అంకె పట్టుకుని మనిషి ఆ రాత్రి నుంచి రోగి అయిపోతాడు.

టీఎస్‌హెచ్ కొంచెం ఎక్కువ, గ్రంథి తయారుచేసే టీ4 మాత్రం సరిగ్గానే ఉందనుకోండి. యూరప్‌లో ఇలాంటి 65 ఏళ్లు దాటిన 737 మందికి సగం సగంగా థైరాయిడ్ మందూ, ఉత్తుత్తి మాత్రా ఇచ్చి చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. ఏడాది తర్వాత నీరసంలో రెండు గుంపులకీ తేడా లేదు. గర్భం కోరుకునేవాళ్ల సంగతి వేరు, అంకె మరీ పెరిగినవాళ్ల సంగతి వేరు. గ్రంథి నిజంగా మందగించినవాళ్లకి ఆ మాత్ర తప్పనిసరి. ధనియాల నీళ్లు తాగితే పోతుందని వీడియో చూసి మానేసినవాళ్లు తర్వాత పడే పాట్లు నేను చూశాను. కానీ హద్దు మీద ఉన్న అరవై ఐదేళ్లావిడ నీరసానికి నిద్రలేమో, ఐరనో, ఇంట్లో మంచానపడ్డ మనిషికి చేసే చాకిరో కారణం కావచ్చు. మాత్ర రాస్తే ఆ వెతుకులాట ఆగిపోతుంది. నాకున్న అసలు ఫిర్యాదు అదే.

విటమిన్ డి గురించి ఒక్క ముక్క. మనకి ఎండకి లోటు లేదు గానీ, తిరుపతి స్విమ్స్ వైద్యులు 2007లో అచ్చువేసిన అధ్యయనంలో పల్లెల్లో, పట్నంలో ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్లలోనే డి తక్కువగా ఉందని తేలింది. కాబట్టి లోపం నిజమే. అయితే వారానికి 60,000 యూనిట్ల పొట్లం మామూలుగా ఎనిమిది వారాలకి రాస్తారు. దాన్ని మనవాళ్లు పసుపు పాలలాగా ఏళ్లతరబడి తాగుతున్నారు. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదికి వస్తుంది.

ఇక ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. థైరాయిడ్ మందగిస్తే జుట్టు ఊడుతుంది. జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకుంటారు. బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటే కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా, టీ4 ఎక్కువగా కనబడుతుంది. గ్రంథి మందగించి ఉన్నా రిపోర్టులో ఉరకలేస్తున్నట్టు ఉంటుంది. డాక్టరు మందు తగ్గిస్తారు, జుట్టు ఇంకా ఊడుతుంది, ఇంకో సీసా కొంటారు. అమెరికా ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. పరీక్షకి కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలంటారు థైరాయిడ్ నిపుణులు.

మా ఆడపడుచుకి తిమ్మిర్లు తగ్గాయి. నీరసం సగమే తగ్గింది. మిగతా సగానికి కారణం ఇంకా వెతుకుతున్నారు. మొన్న ఇంటికొచ్చి రక్తం తీసిన కుర్రాడు పేరు, వయసు, ఫోన్ నంబరు అడిగి, బిల్లు డబ్బులు ఫోన్‌లో వేయించుకుని వెళ్లిపోయాడట. అతని చేతిలో ఉన్న ఆ ఫోన్‌లోనే మూడు గడులు చేర్చొచ్చు: ఇవాళ థైరాయిడ్ మాత్ర వేసుకున్నారా, జుట్టు మాత్రలు వాడుతున్నారా, గ్యాసు, షుగరు మాత్రలు ఎన్నాళ్లుగా వాడుతున్నారు? జవాబులు రిపోర్టు మీద అంకెల పైనే అచ్చవ్వాలి. ల్యాబుల వాళ్లకి దీనికయ్యే ఖర్చు ఏమీ లేదు. ప్రభుత్వం ఉచితంగా చేయించే పరీక్షల్లోనైనా ముందు ఇది మొదలుపెట్టొచ్చు.

– సుమిత్ర