తోక చాలని నీటివిమానం

పిల్లలూ! చక్రాలకు మారుగా రెండు పొడుగాటి పడవలు కాళ్ళకు తగిలించుకున్న చిన్న విమానాన్ని మీరు బొమ్మల్లోనైనా చూసే ఉంటారు. అది నీటి మీద పరుగెత్తి పైకి లేస్తుంది, తిరిగి నీటి మీదనే వాలుతుంది. కెనడాలోనూ, అలాస్కాలోనూ రోడ్లు లేని ఊళ్ళకు ఇలాటి విమానాలు మనుషులనూ సామానునూ చేరవేస్తాయి. 2024 నవంబరు 9న విజయవాడలో కృష్ణానది మీంచి లేచి శ్రీశైలం వెళ్ళిన విమానం కూడా ఈ జాతిదే. ఆ పడవలను ఫ్లోట్లు అంటారు.

ఫ్లోట్లు తగిలించగానే విమానానికి ఒక చిక్కు వచ్చిపడుతుంది. అదేమిటో మీరే చేసి చూడండి.

ఒక చీపురుపుల్ల నడిమికి దారం కట్టండి. వెనక కొసకు పోస్టుకార్డు ముక్క నిలువుగా అతికించి, పుల్ల సరిగా తూగేటట్టు ముందు కొసకు కాస్త మట్టి అంటించండి. దాన్ని ఫాను ముందు వేలాడదీస్తే కార్డు వెనక్కు పోయి, మట్టి ఉన్న కొస గాలికి ఎదురుగా నిలుస్తుంది. విమానం తోక చేసే పని ఇదే. ఇప్పుడు ముందు కొసకు కూడా అంత కార్డుముక్కే అతికించి, దాని బరువుకు తగినంత మట్టి తీసెయ్యండి. ఇక చూడండి! పుల్లకు దిక్కు తెలియదు. అటూ ఇటూ ఊగులాడుతుంది, అడ్డం కూడా తిరుగుతుంది.

ఫ్లోట్ల ముందుభాగం మీరు రెండోసారి అతికించిన ముక్కలాంటిది. అది విమానం బరువు తూగే చోటుకు చాలా ముందుకు పొడుచుకుని ఉంటుంది. పక్కగాలి దాన్ని తోసినప్పుడు ముక్కు పక్కకు తిరుగుతుంది. పాత తోక ఒక్కటే దాన్ని సరిదిద్దటానికి చాలదు.

ఇక ఆటోపైలట్ సంగతి. చేతులు వదిలినా విమానాన్ని తిన్నగా నడిపే యంత్రం అది. 1914 జూన్ 18న పారిస్ దగ్గర సేన్ నది మీద, లారెన్స్ స్పెర్రీ అనే 21 ఏళ్ళ అమెరికా యువకుడు నీటి మీద దిగే విమానంలోనే దీన్ని చూపించాడు. ఆయన చేతులు పైకెత్తాడు. తోటి మెకానిక్ రెక్క మీదికి నడిచాడు. అయినా విమానం ఒరగలేదు! బొంగరాల్లాగా తిరిగే గైరోస్కోపులే దాన్ని నిలిపాయి.

అయితే చిన్న విమానాల ఆటోపైలట్లు చాలావాటికి చుక్కాని మీద అధికారం లేదు. రెక్కలను ఒరగనివ్వకుండా చూడటం, ముక్కును పైకీ కిందికీ నడపటం, వాటికి చేతనైనది ఇంతే. గాలికి ముక్కు ఎడమకు తిరిగిందనుకోండి. ఆటోపైలట్ విమానాన్ని కుడికి ఒరగజేస్తుంది. అప్పుడు పైకి లేచే ఎడమరెక్కకు గాలి అడ్డు ఎక్కువై, ముక్కు ముందు ఇంకా ఎడమకే పోతుంది. తరవాత కుడికి వస్తుంది, వచ్చి హద్దు దాటిపోతుంది. యంత్రం మళ్ళీ ఎడమకు దిద్దుతుంది. తోక బలంగా ఉంటే ఈ ఊపు వెంటనే అణిగిపోవును. తోక చాలకపోతే విమానం పాములాగా మెలికలు తిరుగుతూ పోతుంది.

ఇది నవ్వులాట కాదు. వేగం తగ్గిన విమానం ముక్కు పక్కకు తిరిగి ఉండగా రెక్కలకు గాలిపట్టు తప్పితే, గిరగిరా తిరుగుతూ కింద పడవచ్చు.

మరి దీనికి మందు? తోక కింద మరొక నిలువు పలక బిగిస్తారు, లేదా వెనక రెక్కల మీద చిన్న చిన్న పలకలు నిలబెడతారు. కొన్ని విమానాలలో ముక్కు ఊపును కనిపెట్టి చుక్కానిని కదిపే వేరే యంత్రం పెడతారు. చక్రాల విమానానికి కుదిరిన ఆటోపైలట్ ఫ్లోట్లు తగిలించాక కుదురుతుందో లేదో మళ్ళీ పరీక్షించవలసిందే.

అన్నిటికన్న పెద్ద మందు పైలట్ కాళ్ళలో ఉంది. మెలికలు మొదలైతే ఆయన చక్రాన్ని గట్టిగా పట్టుకుని, చుక్కాని పెడళ్ళ మీద కాళ్ళు ఆనించి, ఆ తరవాతనే ఆటోపైలట్‌ను ఆపుతాడు. ఎందుకంటే యంత్రం బిగబట్టి ఉంచిన విమానం, వదలగానే ఒక్కసారి పక్కకు తిరగవచ్చు. యంత్రం నడుపుతున్నది గదా అని నిద్రపోయేవాడు పైలట్ కాడు. తనకు చేతకాని పని ఏదో యంత్రం చెప్పలేదు. అది మనిషి తెలుసుకుని ఉండాలి.