గోడలనిండా చీటీలు

తోటివారిని ఏడిపించడానికి తెలుగులో ‘ఆటపట్టించడం’ అనే ముద్దు మాట ఒకటి ఉన్నది. అది ఏడ్చినవారు పెట్టుకున్న పేరు కాదు. నవ్వినవారు పెట్టిన పేరు. పట్టుబడినవారికి అందులో ఆట ఏమీ ఉండదు. ఆ పట్టుబడినవారి అనుభవాన్నే ఒక ఆటగా, అందులోనూ భయానకమైన వీడియో గేమ్‌గా రూపొందిస్తే ఎట్లా ఉంటుంది? జపానుకు చెందిన కొనామి సంస్థ 2024 జనవరి 31న ‘సైలెంట్ హిల్: ది షార్ట్ మెసేజ్’ అనే పేరుతో ఆ ప్రయత్నమే చేసింది. ప్లేస్టేషన్ 5 యంత్రం ఉన్నవారికి అది ఉచితం. నిడివి సుమారు రెండు గంటలు, అనగా ఒక చలనచిత్రమంత.

సైలెంట్ హిల్ పేరు భయానక క్రీడల అభిమానులకు 1999 నుంచీ పరిచితమైనది. పొగమంచు కమ్మిన ఊరు, అక్కడికి వెళ్ళినవారి మనస్సులోని పాపమే రాక్షసియై ఎదురుపడడం ఆ వరుస క్రీడల సంప్రదాయం. ఈసారి ఊరు మారింది. కెట్టెన్‌స్టాట్ అనేది జర్మనీలో ఉన్నట్లు కల్పించిన పట్టణం. ‘కెట్టెన్’ అంటే జర్మను భాషలో సంకెళ్ళు. అక్కడ ఎవరూ నివసించని ఒక పాడుపడిన నివాస భవనం ఉన్నది. ఆత్మహత్యలకు అది పేరుమోసింది. మరణించిన స్నేహితురాలు మాయా నుంచి సందేశం వచ్చిందని అనీటా అనే బడిపిల్ల ఆ భవనంలో అడుగుపెడుతుంది. ఆమె కళ్ళతోనే మనం అంతా చూస్తాము. చేతిలో ఆయుధం లేదు. సెల్‌ఫోనే దీపం, అదే లోకంతో బంధం, అదే హింస కూడా.

ఈ ఆట మౌనంగా ఉన్నంతసేపూ గొప్పది. నడుస్తూ ఉండగా భవనపు నడవా బడి నడవాగా మారిపోతుంది. గోడలమీద, తలుపులమీద చిన్న చిన్న చీటీలు అంటించి ఉంటాయి. ఒక్కొక్క చీటీమీద ఒక్కొక్క దుర్భాష. ఒకటి చదివితే ఏమీ అనిపించదు. పిల్లలు ఇంతకంటె పెద్ద మాటలే అనుకుంటారు. పది చదివిన తరువాత చదవడం మానుకుంటాము. ముందుకు పోయేకొద్దీ గోడ కనబడదు, చీటీలే కనబడతాయి. వేధింపునకు గురి అయిన పిల్ల ప్రతి ఉదయమూ బడిగంట కొట్టేవేళకు ఏ నడవాలోకి అడుగుపెడుతున్నదో ఏ ఉపన్యాసమూ ఇంత స్పష్టంగా చెప్పలేదు. కథ కూడా అదే విధంగా తిరుగుతుంది. అంతా ముగిసిందనుకున్న క్షణంలో అనీటా మళ్ళీ ఆ భవనంలోనే మేలుకొంటుంది.

ఇంకొక సాహసం కూడా మెచ్చుకోదగినది. ఇటువంటి కథలలో బాధితులు తెల్లగా, బాధించినవారు నల్లగా ఉండడం మామూలు. ఇక్కడ అనీటా తానూ దెబ్బతిన్న పిల్లే. అయినా మాయా వేసిన బొమ్మలకు లోకం కొట్టిన చప్పట్లు, సామాజిక మాధ్యమంలో ఆమెను అనుసరించేవారి సంఖ్య ఈమెను లోలోపల కొరికివేశాయి. స్నేహితురాలి మరణానికి కారకులెవరని వెదుకుతూ పోయిన ఆటగాడికి, తాను నడిపిస్తున్న పిల్ల చేతులు కూడా పూర్తిగా శుభ్రమైనవి కావని క్రమంగా తెలుస్తుంది. వేధించేవారికీ వేధింపబడేవారికీ నడుమ గోడ ఇంత పలుచనిదని చెప్పడానికి ధైర్యం కావలె.

అయితే ఆట నోరు విప్పగానే చిక్కు వస్తుంది. చూపించినదాన్ని మళ్ళీ చెప్పడం, చెప్పినదాన్ని మరొకసారి వివరించడం దీని వ్యసనం. అద్దంలో ముఖం చూపించి, ‘ఇది నీ ముఖం’ అని క్రింద రాసిపెట్టినట్లు ఉంటుంది. అనీటా తన బాధను తానే బిగ్గరగా విడమరచి చెప్పుకుంటూ ఉంటే మనకు అనుభవించడానికి ఏమీ మిగలదు. మాయా కనిపించే ఘట్టాలను నిజమైన నటితో చిత్రీకరించి మధ్యమధ్య అతికించారు. బొమ్మల లోకంలోకి సజీవమైన ముఖం రావడం మొదట ఉలికిపాటు కలిగిస్తుంది. సంభాషణ సాగగానే ఆ ఉలికిపాటు పోయి నాటకపు వాసన మిగులుతుంది. దీనికి తోడు తల్లి క్రూరత్వం, బాల్యంలోని దుఃఖం కూడా కథలోకి వచ్చి చేరాయి. రెండు గంటల కథ ఇంత బరువు మోయలేదు.

రాక్షసి విషయం వేరు. దాన్ని రూపొందించినవాడు మసాహీరో ఇతో, 2001 నాటి ‘సైలెంట్ హిల్ 2’ రాక్షసులను సృష్టించిన చిత్రకారుడు. తల ఉండవలసిన చోట చెర్రీ పూలు గుత్తులుగా విచ్చుకొని ఉంటాయి. అందమూ అసహ్యమూ ఒక్కచోట ఇంతగా కలిసిన రూపం అరుదు. అకీరా యమవోకా సంగీతం దానికి తగినదే. కాని ఆ రాక్షసి చేసే పని ఒక్కటే, తరమడం. దొరికితే మళ్ళీ మొదటినుంచి పరుగు. చిట్టచివరి పరుగులో దారీ తెన్నూ తెలియని నడవాలలో ఛాయాచిత్రాలు ఏరుకుంటూ తిరగాలి. నాలుగవసారి పట్టుబడేసరికి భయం పోయి విసుగు మిగులుతుంది. భయానక క్రీడకు ఇంతకంటె పెద్ద నష్టం లేదు.

అసలు లోపం ఇంకా లోతుగా ఉన్నది. బడిలో వేధింపు ఒక్క రాక్షసి చేసే పని కాదు. ఒకరు మాట అంటారు, నలుగురు నవ్వుతారు, నలభైమంది తల వంచుకొని పుస్తకం తిరగవేస్తారు. ఈ ఆటలో చీటీలు ఉన్నాయి గాని వాటిని రాసిన పిల్లలు మనకు మనుషులుగా ఎదురుపడరు. ఉపాధ్యాయులు ఏమి చేస్తున్నారన్న ప్రశ్న కూడా పుట్టదు. జపానువారి చేతినుంచి వచ్చిన కథలో ఈ మౌనం ఆశ్చర్యకరం. ‘ఇజిమే’ అని వారు పిలిచే ఈ పీడ అక్కడ జాతీయ సమస్య. ఒత్సు నగరంలో 2011లో ఒక విద్యార్థి ఆత్మహత్య దేశాన్ని కుదిపివేయగా, 2013లో దాని నివారణకు ప్రత్యేక చట్టమే చేశారు. తీవ్రమైన ఉదంతాలలో విచారణ జరపవలసిన బాధ్యతను అది పాఠశాలలపైనా విద్యాధికారులపైనా పెట్టింది. మన దేశంలోనూ, కళాశాలల ర్యాగింగు మాటకు వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే నిషేధ చట్టం వచ్చింది. 2009లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ నిబంధనలు దేశమంతటికీ వచ్చాయి. చట్టాలన్నీ చుట్టూ ఉన్నవారిని నిలదీస్తున్నాయి. ఆట మాత్రం ఆ పిల్ల మనస్సునే నిలదీసి ఊరుకుంటుంది.

ఆత్మహత్య ప్రస్తావన అడుగడుగునా ఉన్నందున, మానసికంగా క్రుంగినవారు సహాయం పొందవలెనని ఆట హెచ్చరిక చూపుతుంది. అది అలంకారం కోసం పెట్టినది కాదు. పిల్లలకు ఉచితంగా దొరికినదే అని చేతికి ఇచ్చివేయదగిన వస్తువు కాదు ఇది. ఇంట్లో పెద్దపిల్లలెవరైనా ఆడుతూ ఉంటే, పెద్దవారు ఆ బడి నడవా వచ్చేవరకైనా ప్రక్కన కూర్చోవడం మంచిది. చీటీలు చదివేటప్పుడు వారి ముఖం ఎట్లా ఉన్నదో చూడవచ్చు. చివరి పరుగు వద్ద లేచి పోయినా నష్టం లేదు.