రెండు మాటల ఒప్పుకోలు

దావీదు మహారాజు చేసిన పాపం కంటే, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ఆయన పడిన పాట్లే బైబిల్లో ఎక్కువ చోటు తీసుకున్నాయి. సమూయేలు రెండవ గ్రంథం 11వ అధ్యాయం తీసి చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది.

రాజులు యుద్ధానికి బయల్దేరే కాలమది. దావీదు మాత్రం సేనను యోవాబు వెంట రబ్బా పట్టణం మీదికి పంపి, తాను యెరూషలేములోనే ఉండిపోయాడు. ఒక సాయంత్రం మిద్దె మీద పచార్లు చేస్తూ స్నానం చేస్తున్న బత్షెబను చూశాడు. ఆమె ఊరియా భార్య అని తెలిసి కూడా పిలిపించుకున్నాడు. నాలుగైదు వచనాల్లో ఈ ముచ్చట అయిపోతుంది. ఆమె గర్భవతి అని కబురు వచ్చాకే అసలు కథ మొదలైంది.

రాజు ఊరియాను యుద్ధరంగం నుంచి పిలిపించాడు. క్షేమ సమాచారాలు అడిగి, ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమన్నాడు, వెనకాలే కానుక కూడా పంపాడు. ఊరియా ఇంటికి వెళ్లలేదు. తోటి సైనికులు గుడారాల్లో, బయలులో పడుకుంటుంటే తనకు ఇంటి సుఖం ఎందుకని రాజనగరు ద్వారం దగ్గరే పడుకున్నాడు. మర్నాడు రాజు అతనికి మత్తెక్కేదాకా తాగించాడు. అయినా ఇంటి గడప తొక్కలేదు. రాజు మత్తులో లేడు, ఊరియా మత్తులో ఉన్నాడు. అయినా ఆ రాత్రి నీతి తప్పనివాడు ఊరియానే! చివరికి, పోరు ముమ్మరంగా ఉన్నచోట ఇతన్ని నిలిపి మీరు వెనక్కి తగ్గండని యోవాబుకు ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. తన చావు కబురు తానే మోసుకెళ్లాడు ఆ నమ్మకస్తుడు.

ఊరియా చనిపోయాడు. ఏడ్పు దినాలు తీరాక బత్షెబ రాజు భార్య అయింది, బిడ్డ పుట్టాడు. యుద్ధంలో చనిపోయిన సైనికుడి భార్యను రాజు ఆదుకున్నాడనే లోకం అనుకుని ఉంటుంది. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు, నెలల తరబడి దావీదు అలాగే గడిపాడు. దావీదు పేరుతో ఉన్న 32వ కీర్తనలో, మౌనంగా ఉన్నన్నాళ్లూ లోపల్లోపల ఎముకలు క్షీణించిన మనిషి బాధ కనిపిస్తుంది. చెప్పుకోని పాపం మనిషిని ఎలా తినేస్తుందో తెలిసినవాడే ఆ మాట రాయగలడు.

అప్పుడు నాతాను ప్రవక్త వచ్చాడు. వస్తూనే నిందించలేదు, ఒక కథ చెప్పాడు. గొర్రెల మందలున్న ధనవంతుడు, ఒకే ఒక్క గొర్రెపిల్లను కూతురిలా పెంచుకున్న పేదవాడు. ఇంటికి వచ్చిన అతిథి కోసం ఆ ధనవంతుడు తన మందను ముట్టకుండా పేదవాడి పిల్లనే కోయించాడు. దావీదు మండిపడి, వాడు చావదగినవాడు, ఒకటికి నాలుగు ఇచ్చి తీరాలని తీర్పు చెప్పాడు. ఎదుటివాడి తప్పు మీద తీర్పు చెప్పడానికి ఎవరికీ క్షణం పట్టదు. ఆ ధనవంతుడు రాజే అని నాతాను తేల్చేశాడు.

దావీదు సాకు చెప్పలేదు. ప్రవక్త మీద కత్తి దూయలేదు, దూయగలిగీ. దేవుని ఎదుట పాపం చేశానని ఒప్పుకున్నాడు. మూలభాష హీబ్రూలో అది రెండే మాటలు.

ఆయనకు ముందున్న సౌలు రాజు కూడా పాపం చేశానని అన్నవాడే. అమాలేకీయుల పశువుల్లో మేలైనవాటిని మిగుల్చుకున్నప్పుడు సమూయేలు నిలదీస్తే, జనానికి భయపడ్డానని సంజాయిషీ చెప్పాడు. మళ్లీ ఒప్పుకుంటూనే, పెద్దల ముందు తన పరువు కాపాడమని బతిమాలాడు. దావీదు తన తప్పును చూసుకున్నాడు, సౌలు తన సింహాసనాన్ని చూసుకున్నాడు.

'తెలిసీ తెలియక చేసిన పాపాలన్నీ క్షమించు ప్రభువా' అని గంపగుత్తగా ప్రార్థించడం నేటి విశ్వాసికి సులువు. తమ్ముడి వాటా పొలం రాయించుకున్నవాడూ, తూకంలో మోసం చేసినవాడూ ఆ ఒక్క వాక్యం వెనక హాయిగా దాక్కోవచ్చు. కథోలిక సంఘంలో పాపసంకీర్తనానికి వచ్చినవారు ఘోరమైన పాపాలను విడివిడిగా చెప్పాలనే నియమం ఊరికే పెట్టలేదు. నేరుగా దేవుని దగ్గరే ఒప్పుకునే ప్రొటెస్టెంటు విశ్వాసికి కూడా, ఫలానా రోజున ఫలానావారికి ఈ అన్యాయం చేశానని చెప్పడమే కష్టమైన భాగం. నోరు తడబడేది అక్కడే.

నాతాను జవాబు ఆలస్యం కాలేదు. దేవుడు పాపాన్ని తీసివేశాడు, రాజు చనిపోడు. అంతటితో లెక్క సరిపోయిందా అంటే, లేదు. బిడ్డ జబ్బుపడి ఏడో రోజున చనిపోయాడు. ఏ పాపమూ ఎరుగని పసివాడు పోవడమేమిటన్న ప్రశ్న చదివేవారిని ఇప్పటికీ కలవరపెడుతుంది, పెట్టాలి కూడా. ఆ తర్వాత కొడుకు అబ్షాలోము తిరుగుబాటుతో రాజు రాజధాని విడిచి పారిపోవలసి వచ్చింది. క్షమాపణ దొరికింది కాబట్టి దేవునితో బంధం నిలిచింది, చేసినపని ఫలితం మాత్రం ఇంట్లోనే తిరిగింది.

51వ కీర్తనలో దావీదు తన పాపం దేవునికి మాత్రమే విరోధమన్నట్టు మాట్లాడతాడు. మరి ఊరియా సంగతేమిటని ఎవరికైనా అనిపిస్తుంది. మోషే ధర్మశాస్త్రం ప్రకారం మోసం చేసి తీసుకున్నదాన్ని ఐదో వంతు కలిపి తిరిగివ్వాలి. సుంకపు గుత్తదారు జక్కయ్య నాలుగింతలు ఇస్తానన్నాడు, ఇవ్వడానికి అవతల మనుషులు బతికి ఉన్నారు. ఊరియాకు తిరిగివ్వడానికి దావీదు దగ్గర ఏమీ మిగల్లేదు.

అయితే బైబిల్ ఊరియాను మరిచిపోలేదు. సమూయేలు రెండవ గ్రంథం 23వ అధ్యాయంలో దావీదు శూరుల జాబితాలో చిట్టచివరి పేరు అతనిదే. వందల ఏళ్ల తర్వాత మత్తయి యేసుక్రీస్తు వంశావళి రాస్తూ, సొలొమోను తల్లి దగ్గరికి వచ్చేసరికి బత్షెబ అని రాయలేదు. ఊరియా భార్య అనే రాశాడు.