పాటలు పెట్టేవాడికి నాలుగు మాటలు

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకటి నన్ను రెండు రోజులు వదల్లేదు. రాసింది ఓ వరంగల్ కుర్రాడు. హైదరాబాదులో, జూబ్లీహిల్స్ వైపు ఒక పబ్బులో రెసిడెంట్ డీజేగా కుదిరాడట. అంటే ఒక రాత్రి వచ్చి, చప్పట్లు కొట్టించుకుని పోయే అతిథి కాదు. వారం వారం శుక్ర, శనివారాలు అక్కడే పాటలు పెట్టే ఇంటి మనిషన్నమాట! మొదటి శనివారం పదిన్నరకల్లా ఫ్లోరు మీద ఒక్కడూ మిగల్లేదట. "అన్నా, నన్ను తీసేస్తారేమో! ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేర్ కంపెనీలో నైట్ షిఫ్ట్ అని చెప్పాను. ఏం చెయ్యమంటావు?" అంటూ ముగించాడు.

తమ్ముడూ, పదకొండేళ్ళు ఆ బల్ల వెనకాల నిలబడ్డవాణ్ణి గనక చెబుతున్నాను, కంగారు పడకు. ఫ్లోరు ఖాళీ చెయ్యని డీజే ఇంకా పుట్టలేదు. కాకపోతే ఎందుకు ఖాళీ అయిందో తెలుసుకోవాలి. తొమ్మిదింటికి నువ్వేం పాటలు పెట్టావో రాయలేదు గానీ, నేను ఊహించగలను. ఉన్న హిట్లన్నీ గంటలో గుప్పించి ఉంటావు! సినిమా పిచ్చి ఉన్నవాడివి కదా, నువ్వే చెప్పు. టైటిల్సు పడుతుండగానే క్లైమాక్సు ఫైటు పెడితే, ఇంటర్వెల్ తర్వాత ఏం చూపిస్తాడు డైరెక్టరు?

నేనూ అదే పని చేశాను. ఓ రాత్రి బొంబాయి నుంచి పెద్ద డీజే వస్తున్నాడు, ఆయన వచ్చేదాకా నేను పెట్టాలి. నా సత్తా చూపిద్దామని, ఆయన పెడతాడనుకున్న పాటలన్నీ ముందే పెట్టేశాను. జనం ఊగిపోయారు. ఆయన వచ్చి, హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ నవ్వుతూనే అన్నాడు: "విందంతా నువ్వే వడ్డించేశావు. మరి నేను ఎంగిలాకులు తియ్యనా?" ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

కాబట్టి మొదటి మాట: తొమ్మిదింటికి వచ్చినవాళ్ళు డాన్సుకి రారు. మాట్లాడుకోవడానికి వస్తారు. నిమిషానికి 105, 110 దెబ్బల పాటలతో మెల్లగా మొదలుపెట్టు. తల ఊగాలి, తర్వాత కాలు ఊగాలి, ఆ తర్వాతే మనిషి లేవాలి. లేచినవాళ్ళు గంటల తరబడి ఆడుతూనే ఉండాలనీ అనుకోకు. అరగంటకోసారి కాస్త తగ్గించు. వాళ్ళు దాహం తీర్చుకుంటారు, బారు నడుస్తుంది, నీ ఉద్యోగమూ నడుస్తుంది!

రెండో మాట: నీ కళ్ళు లాప్‌టాప్ మీద కాదు, జనం మీద ఉండాలి. 1977 నుంచి 1987లో మూతపడేదాకా న్యూయార్కు 'పారడైజ్ గరాజ్'లో ల్యారీ లెవాన్ అనే రెసిడెంట్ ఉండేవాడు. స్పీకర్ల సర్దుబాటు కూడా స్వయంగా చూసుకునేవాడు. అదే 1977లో షికాగో 'వేర్‌హౌస్'లో ఫ్రాంకీ నకిల్స్ మొదలుపెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా 'హౌస్' అనే సంగీతానికి ఆ పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చిందంటారు. అదే ఏడు వచ్చిన 'శాటర్‌డే నైట్ ఫీవర్' డిస్కోని ఊరూరా తిప్పింది. మన దాకా వచ్చేసరికి 1982లో హిందీలో 'డిస్కో డాన్సర్', 1984లో తెలుగులో బాలకృష్ణ 'డిస్కో కింగ్'! వెండితెర మీద పేరంతా ఆడేవాడికే. ఆడించేవాడు చీకట్లోనే ఉంటాడు. ఆ చీకటి నచ్చినవాడే రెసిడెంటుగా నిలుస్తాడు.

మూడో మాట మన తెలుగు రాత్రులకి సంబంధించింది. హౌస్ పాటది నాలుగు దెబ్బల లెక్క. వేగం సుమారు 120 నుంచి 128. మన తీన్‌మార్ దరువుది వేరే నడక. 2023లో ఆస్కార్ గెలిచిన 'నాటు నాటు' కూడా ఆరు మాత్రల నడకే. రెంటినీ ఒకదాని మీద ఒకటి పరిస్తే వేగం కలిసినా అడుగు కలవదు. జనం తడబడి ఆగిపోతారు. అక్కడ కలపకు, తెంపు! ఉన్న పాటని ప్రతిధ్వనిలో వదిలేసి, ఒక్క క్షణం నిశ్శబ్దం ఇచ్చి, డప్పుతో ఎత్తుకో. ఒకసారి ఆ నడకలోకి వెళ్ళాక మూడు నాలుగు పాటలు అక్కడే ఉండు. అటూ ఇటూ గెంతావంటే మళ్ళీ పదిన్నర సంగతే!

ఫోను చూపిస్తూ "ఈ పాట పెట్టు బాస్" అని వచ్చేవాళ్ళుంటారు. వాళ్ళతో తగువు వద్దు. "ఉంది, దాని టైము రానివ్వండి" అను. వీలైతే నిజంగానే పెట్టు, ఆ మనిషి వచ్చే వారం నలుగుర్ని వెంటబెట్టుకొస్తాడు. పాటలన్నీ రెండు పెన్‌డ్రైవుల్లో ఉంచుకో, ఒకటి జేబులో. ఉచితంగా వచ్చే గ్లాసుని పని అయ్యేదాకా ముట్టకు. ఇంకోటి: నువ్వు నిలబడేది ఎత్తు మీద. ఫ్లోరు మీద ఒకమ్మాయి వెనక్కి వెనక్కి జరుగుతోందంటే అందరికన్నా ముందు నీకే కనిపిస్తుంది. బౌన్సరుకి ఏ సైగ చెయ్యాలో మొదటి రోజే మాట్లాడుకుని పెట్టుకో. పాట తర్వాతైనా పెట్టొచ్చు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది. మా నాన్న గుంటూరు జిల్లాలో ఓ పల్లెలో మైకు సెట్టు అద్దెకిచ్చేవాడు. తెల్లారి భక్తి పాటలు, భోజనాల వేళ మెత్తనివి, ఊరేగింపుకి హుషారువి. ఏ వేళకి ఏ రికార్డో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నేను పబ్బులో చేరిన సంగతి మాత్రం ఆయనకి రెండేళ్ళు దాచాను. కాల్ సెంటర్ అని చెప్పాను. ఎవరో చెప్పగా తెలిసి ఫోను చేశాడు. తిడతాడని వణికిపోతున్నాను. "ఎన్నో పాటకి లేస్తున్నార్రా జనం?" అన్నాడు! రెండేళ్ళు నేను దాచింది, నన్ను అందరికన్నా బాగా అర్థం చేసుకోగల మనిషి దగ్గరే అని అప్పుడు తెలిసింది.

తర్వాత ఒక్కసారైనా రమ్మన్నాను, నేను పెట్టే పాటలు వినడానికి. వచ్చాడు. కాసేపు కూర్చుని, ఇబ్బందిగా నవ్వి, "దరువు కాళ్ళకి తెలుస్తోంది గానీ పాట వినబడట్లేదురా" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు లౌడ్‌స్పీకరు గొట్టాల కిందే కూర్చున్నాడు మరి. చెవులు అక్కడే పోయాయి.

అందుకే ఈ లెక్క రాసి పెట్టుకో, తమ్ముడూ. పనిచేసేవాళ్ళ ఆరోగ్యం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ చెప్పేదేమంటే, 85 డెసిబెల్స్ మోతని రోజుకి 8 గంటలకి మించి వినకూడదు. మోత 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ గడువు సగానికి సగం పడిపోతుంది. 100 డెసిబెల్స్ దగ్గరికొచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలే! నీ డ్యూటీ నాలుగైదు గంటలు. సంగీతం వాయించేవాళ్ళ కోసం చేసిన చెవి బిరడాలు దొరుకుతాయి. మొదటి జీతంలో కొనాల్సింది కొత్త హెడ్‌ఫోన్లు కాదు, అవి. మిక్సరులో ఎర్ర దీపం వెలిగేదాకా శబ్దం పెంచకు. అలా పెంచితే పాట పగులుతుందే తప్ప ఉత్సాహం పెరగదు. నేను ఆ మాట ఆలస్యంగా విన్నాను. ఇవాళ గదిలో అంతా నిశ్శబ్దంగా ఉన్నా నా ఎడమ చెవిలో ఓ కీచురాయి మోగుతూనే ఉంటుంది.

కాబట్టి వచ్చే శనివారం తొమ్మిదింటికి నింపాదిగా మొదలుపెట్టు. ఉద్యోగం నిలుస్తుందా లేదా అన్నది రెండు నెలల్లో తేలుతుంది. ఆ లోపల ఓ ఆదివారం వరంగల్ వెళ్ళి, ఇంట్లో నిజం చెప్పు. మీ నాన్నగారు కోప్పడవచ్చు. లేదా ఎన్నో పాటకి జనం లేస్తున్నారని అడగనూ వచ్చు. ఏమన్నారో నాకు మళ్ళీ ఉత్తరం రాయడం మరిచిపోకు!