ఒక యింటి సేద్యము – మూడు విశ్వవిద్యాలయములు

మైదుకూరు ప్రాంతమున సేద్యమనగా నొక్క పైరు కాదు. కర్నూలు–కడప కాలువక్రింది పొలములలో వరియు పసుపును పండును. వరిగడ్డి యెడ్లకును బఱ్ఱెలకును మేతయగును. వాని పెంట పసుపుమళ్లకు జేరును. కోతలైన పిమ్మట గొఱ్ఱెల మందలను రైతులు రాత్రులందు తమ చేలలో నిలిపించుకొని, ఆ యెరువునకై కాపరికి గింజలో పైకమో ముట్టజెప్పుట రాయలసీమలో పూర్వమునుండి వచ్చుచున్న యాచారము. పసుపు రకములలో ‘మైదుకూరు’ అనునదియు నొకటి. దుగ్గిరాల, ఆర్మూరు, టేకూరుపేట రకములతోపాటు దాని పేరును శాస్త్రగ్రంథములలో జేరియున్నది. ఈ యూరు శాస్త్రమునకు దన పేరు నిచ్చినది. శాస్త్రమీ యూరి కేమిచ్చుచున్నదో విచారింప దలచితిమి.

కళాశాలలు లేవని మొఱపెట్టుకొను దినములు గతించినవి. మదరాసు రాజధాని కాలమున పశువైద్యము నభ్యసింపగోరు తెలుగు విద్యార్థి 1903లో వెలసిన మదరాసు కళాశాలకును, వ్యవసాయశాస్త్రము గోరువాడు కోయంబత్తూరునకును బోవలసినవాడు. వ్యవసాయ కళాశాల బాపట్లకు వచ్చినది 1945లో. ఇప్పుడు ప్రొద్దుటూరునందే పశువైద్య కళాశాల యున్నది. అది 2008లో నెలకొల్పబడినది. అనంతరాజుపేటలో ఉద్యాన కళాశాలయు, ఊటుకూరులో కృషి విజ్ఞాన కేంద్రమును గలవు. ఒక్క కడపసీమకే యిన్ని లభించుట సామాన్యము కాదు.

అయినను చిక్కు వేఱొకచోట నున్నది. 1964లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము స్థాపింపబడినపుడు అమెరికాలోని కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయమువారి తోడ్పాటును బొంది, అచ్చటి పద్ధతి నవలంబించిరి. బోధన, పరిశోధన, రైతునకు విద్యను జేర్చు విస్తరణ, యీ మూడును ఒక్క కప్పుక్రింద నుండవలెననునది దాని మూలసూత్రము. బాపట్ల వ్యవసాయ కళాశాలయు, తిరుపతి పశువైద్య కళాశాలయు నపు డొక్క కుటుంబమున జేరినవి. పిదప 2005లో తిరుపతి కేంద్రముగ శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయమును, 2007లో వెంకటరామన్నగూడెము కేంద్రముగ ఉద్యాన విశ్వవిద్యాలయమును వేఱుపడినవి. నేడు మైదుకూరు రైతు వరినిగూర్చి యడుగవలెనన్న గుంటూరు చెంత లాం గ్రామమువంక జూడవలెను, పసుపునకు వెంకటరామన్నగూడెము, గొడ్డునకు తిరుపతి. వాని లోగిలి మాత్ర మొక్కటియే!

ఈ విభజన దోషమని మేమనము. వ్యవసాయ మను పెద్దన్న నీడలో పశుశాస్త్రము చిరకాలము కృశించినది. వేఱుపడినందున దానికి కళాశాలలు పెరిగినవి, ఆచార్యులు పెరిగిరి. కాని శాస్త్రము సౌకర్యమునకై విడిపోయినపుడు విద్యార్థి దృష్టియు విడిపోవుచున్నది. ఒక యుదాహరణము చాలును.

తొలకరి వానలు కురిసి లేతగడ్డి మొలిచినపుడు మందలలో ‘చిటుకు రోగము’ పుట్టును. సాయంకాలము చక్కగ మేసిన పిల్ల తెల్లవాఱునప్పటికి చచ్చిపడియుండును. అందును బలిసిన పిల్లలే ముందుగ గూలుట కాపరుల కందఱకు దెలిసిన సంగతి. గొఱ్ఱె ప్రేగులలో సహజముగనే యుండు నొక సూక్ష్మజీవి, మేత యకస్మాత్తుగ మాఱి కడుపు నిండినపుడు, మితిమీఱి వృద్ధిజెంది విషమును బుట్టించును. వానలకు ముందే టీకా వేయించి, మొదటిసారి వేయించిన మందకు పక్షము దినములకు మఱల వేయించినచో ఈ నష్టమును చాలవఱకు నివారింపవచ్చును. ఇది పశువైద్యుని విద్య. ఏ పొలమున ఏ పైరు ఎన్నడు కోయుదురు, ఏ బీటిలో గడ్డి యెప్పుడు మొలచును, మందకు పొడిమేత యెచ్చట దొరకును అనునది వ్యవసాయ విద్యార్థి చెప్పవలసిన మాట. ఈ రెండును గలసిననే గాని పిల్ల బ్రదుకదు. 2019 పశుగణనమునుబట్టి ఆంధ్రప్రదేశమున గొఱ్ఱెలు కోటి డెబ్బదియాఱు లక్షలు. తెలంగాణమునకు దక్క నీ దేశమున మఱి యే రాష్ట్రమునకును ఇంతటి సంపద లేదు.

మఱియొక చిక్కు భాష. కాపరి ‘చిటుకు’ అనును; విద్యార్థి చదివినది ‘ఎంటెరోటాక్సీమియా’. కాపరి ‘పారుడు’ అనును, పుస్తకమున ‘పి.పి.ఆర్.’ అని యుండును. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, నీలినాలుక యను మాటలు పాఠ్యగ్రంథములలోనికి రాకపోవుటచే, పట్టము బుచ్చుకొన్న యువకుడు మందయొద్ద నిలిచి తన మాతృభాషలోని రోగముపేరునే యర్థమడుగవలసి వచ్చుచున్నది. ఆచార్య రంగాగారు ఆక్స్‌ఫర్డులో జదివివచ్చియు, నిడుబ్రోలున రైతులకై విద్యాలయమును నడపి, తెలుగుననే వారికి బోధించిన మహనీయులు. వారి పేరు దాల్చిన విశ్వవిద్యాలయమును, దానినుండి వేఱుపడిన సోదర సంస్థలును ఆ మార్గమును మఱవదగదు.

పశువైద్య విద్య పుట్టినదే పశువుల చావునుండి. ఫ్రాన్సుదేశమున లియాన్ నగరమున 1761లో తొలి పశువైద్య పాఠశాల స్థాపింపబడినపుడు ఐరోపాను ‘పెద్దరోగము’ పీడించుచుండెను. మన దేశమున ఆ రోగము కోట్ల పశువులను బలిగొన్నది. ముక్తేశ్వరమునందలి పరిశోధనాలయములో టీకా సిద్ధమైన పిమ్మటను దశాబ్దములు పట్టినవి. తుదకు 2006లో భారతదేశమును, 2011లో సమస్త ప్రపంచమును దానినుండి ముక్తినొందెను. సీసాలోని మందుమాత్రమే యీ పనిని జేయలేదు. ఊరూర దిరిగి, మంద మందను లెక్కించి, రైతుతో వాని మాటలలో మాటాడిన వేలమంది సామాన్యోద్యోగుల కాలిబలము దానిని జేసినది. పారుడు రోగమును 2030 నాటికి రూపుమాపవలెనని ప్రపంచసంస్థలు సంకల్పించియున్నవి. గొఱ్ఱె ఊరినుండి యూరికి నడచిపోవు జీవము. ఏ మందకు టీకా పడినదో పట్టిక లేనిచో ఆ సంకల్పము నెఱవేఱుట కష్టము.

కావున మా సూచన చిన్నది. పశువైద్యపట్టమునకు అయిదున్నర సంవత్సరములు. అందు కడపటి సంవత్సరము ఆచరణశిక్షణమే. వ్యవసాయ, ఉద్యాన విద్యార్థులును నాలుగేండ్ల చదువులో కడపటి యేట కొన్ని మాసములు గ్రామములలో గడపవలెనని నియమమున్నది. ఈ మూడు శిక్షణలును నేడు వేఱు వేఱుగ నడచుచున్నవి. వీనిని ఒక్క గ్రామమునకు జేర్చి, ముగ్గురు విద్యార్థులకు ఒక్కటే రైతుకుటుంబముల పట్టిక నిచ్చి, పైరును, ఎరువును, మేతను, మందను గలిపి తెలుగున నొక దినచర్య వ్రాయింపవలెను. దీనికి క్రొత్త చట్టము వలదు, క్రొత్త భవనము వలదు. మూడు కార్యాలయముల నడుమ మూడుత్తరములు నడచిన జాలును. (ఆ మూడుత్తరములు నడచుటయే మన దేశమున మహాకార్యమని పాఠకులు నవ్వవచ్చును.)

మన భూస్వాములకును, పట్టణములందలి పెద్దలకును నొకమాట. కుమారునకో కుమార్తెకో మనుష్యవైద్యమున చోటు దొరకనిచో పశువైద్యము, అదియు దొరకనిచో వ్యవసాయము అని మెట్లు గట్టుకొని కూర్చున్నాము. అట్లు వచ్చిన బిడ్డ అయిదేండ్లును ఓడినవానివలె జదివి, పట్టమునందగనే ఏ పల్లెనుండి తప్పించుకొందునా యని చూచుటలో వింతయేమి? తన యింటి పొలమును, తన యూరి మందను ముందు జూచి, ఆపైని కళాశాల కేగిన విద్యార్థికి ఆ చదువు మిగిలిన యన్నము కాదు.

టీకాలు తొలకరికి ముందే పడవలెను గనుక ఈ యేర్పాటు వేసవిలోనే జరుగవలెను. మైదుకూరు, దువ్వూరు, చాపాడు, ఖాజీపేట మండలములలో ఒక్కొక్క గ్రామముతో నారంభింపవచ్చును. ముగ్గురు విద్యార్థులకు గదియు, భోజనమును నియ్యగల యిండ్లు ఆ గ్రామములలో లేకపోలేదు. ఆ యిండ్ల యజమానులు ముందుకువచ్చి ప్రొద్దుటూరు కళాశాలవారికి తమ పేరు వ్రాసి పంపినచో, మొదటి యుత్తరము విశ్వవిద్యాలయములనుండి గాక పల్లెనుండియే నడచినట్లగును.