ఎవరికి వ్యర్థం ఈ భూమి?

తర్లుపాడు మండలంలో ఒక ఊరి బయట, సాగు మానేసి చాన్నాళ్లయిన మెట్ట మీద నిలబడి నోట్సులో ‘బీడు’ అని రాసుకుంటున్నాను. పక్కన మేకలు కాస్తున్నామె ఏం రాస్తున్నావని అడిగింది. చెప్పాను. “బీడేందమ్మా? నా పొయ్యి మండేది దీంతోనే, నా మేకలు బతికేది దీంతోనే” అంది. సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసిన నేను రెవెన్యూ రికార్డు భాషనే నా భాషగా మోసుకు తిరుగుతున్నానని అప్పుడు తెలిసొచ్చింది. ఆ సిగ్గులోంచే ఈ వ్యాసం.

ఆమె కాళ్ల కింద జరుగుతున్నదేమిటి? దున్నడం ఆగిన చేలో మొదట పల్లేరు, వయ్యారిభామ లాంటి మొక్కలొస్తాయి. తర్వాత గడ్డి పట్టు బిగుస్తుంది. వెంపలి వస్తుంది, దాని వేళ్ల బుడిపెల్లో ఉండే బాక్టీరియా గాలిలోని నత్రజనిని మట్టికి అందిస్తుంది. వెనకే తంగేడు, బందారు, రేగు, బలుసు. రేగుకంప మీద వాలిన పిట్ట వేపగింజ రాలుస్తుంది. మేక మూతి దూరని ఆ ముళ్ల మధ్య వేపమొక్క తలెత్తుతుంది. నరికిన చెట్ల మొదళ్లు నేలలో బతికుంటే అవీ మళ్లీ చిగురిస్తాయి. దీన్నే వృక్షశాస్త్రం అనుక్రమం అంటుంది. మార్కాపురం చుట్టూ పలకల గనుల పక్కన పోసిన రాతిగుట్టల మీదైతే మట్టే లేదు. అక్కడ రాతిని పట్టుకు పెరిగే లైకెన్లు, నాచుమొక్కల దగ్గర్నుంచి మొదలుకావాలి. కాబట్టి మట్టి, మొదళ్లు మిగిలిన బీడు కన్నా ఆ గుట్ట కోలుకోవడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. ఆ పలకల మీద ఎక్కడెక్కడి పిల్లలో అక్షరాలు దిద్దారు. పలకలు చీల్చిన దుమ్ము ఇక్కడి ఆడవాళ్లు, పిల్లలు మింగారు.

ఈ సిద్ధాంతం అనగానే 1916లో దాని మీద పెద్ద గ్రంథం రాసిన అమెరికన్ ఫ్రెడరిక్ క్లెమెంట్స్ పేరు చెబుతారు. ఆయన భార్య ఎడిత్ క్లెమెంట్స్ 1904లోనే డాక్టరేటు పొందిన శాస్త్రవేత్త. ఆయనతో కలిసి క్షేత్రాలు తిరిగింది, కారు నడిపింది, మొక్కల బొమ్మలు గీసింది. పాఠాల్లో మిగిలిన పేరు మాత్రం ఆయనదే. ప్రతి నేలా మెట్టుమెట్టుగా ఎక్కి చివరికి ఆ వాతావరణానికి తగిన చరమ సముదాయాన్ని చేరుతుందన్నాడు క్లెమెంట్స్. ఏ విత్తనం ఎప్పుడు, ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి కూడా దారులు మారతాయని 1926లో హెన్రీ గ్లీసన్ ఎదిరించాడు. శాస్త్రం ఆ పాత నిచ్చెనను ఎప్పుడో వదిలేసింది. పాలకులు మాత్రం వదల్లేదు. వాళ్ల దృష్టిలో నేల అడవో, పొలమో కాకపోతే వ్యర్థమే.

1985లో జాతీయ బంజరు భూముల అభివృద్ధి మండలి ఏర్పడింది. ఆ తర్వాత ఉపగ్రహ చిత్రాలతో తయారైన బంజరు భూముల పటాలు పొదలున్న నేలను కూడా ఆ ఖాతాలోనే వేశాయి. ఒకసారి వ్యర్థమన్నాక ఎవరికైనా ఇవ్వొచ్చు, ఏమైనా నాటొచ్చు. 2025 ఏప్రిల్‌లో ఈ పశ్చిమ ప్రాంతంలోనే, కనిగిరి వైపు దివాకరపల్లిలో బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన జరిగింది. బీడు భూముల్లో గడ్డి పెంచి గ్యాసు తీస్తామన్నారు, ఉద్యోగాలొస్తాయన్నారు. రావచ్చు. కాని ఆ నేల మీద ఇప్పటికే ఎవరి మేకలు మేస్తున్నాయి, ఎవరి పొయ్యిలోకి కట్టె వస్తోంది అన్న లెక్క ఏ ప్రాజెక్టుకైనా మొదటి పేజీలో ఉండాలా వద్దా?

“ఆ మేకలూ, ఆ కట్టెల మోపులే కదా అడవిని తిన్నది?” అంటారు. మేక చిగురు తింటుంది, నిజమే. ఏటా నరికితే మొదలు కూడా అలసిపోతుంది. నేలకు విరామం కావాలి. అయితే ఆ విరామం ఖరీదు ఎవరు కడుతున్నారు? 1992లో మన రాష్ట్రంలో వన సంరక్షణ సమితులు మొదలైన నాటి నుంచీ ఈ ప్రశ్న ఉంది. మూసేద్దామని మీటింగులో మగవాళ్లు సంతకాలు పెడితే, మర్నాటి నుంచి ఇంకో రెండు మైళ్లు నడిచేది ఆడవాళ్లు. సర్కారు తుమ్మ విషయమూ అంతే. దట్టంగా అల్లుకుంటే అది కింద మరో మొక్కను ఎదగనివ్వదు, తీసెయ్యాల్సిందే. కాని వేరే వంటచెరకు చూపకుండా తీసేస్తే ఆరిపోయేది ఆమె పొయ్యి.

స్త్రీ అంటేనే ప్రకృతి అని పొంగిపోయే మన మిత్రులతోనూ నాకు పేచీ ఉంది. ఆడవాళ్లకు చెట్టుతో ఉన్నది పుట్టుకతో వచ్చిన బంధం కాదు. పని వల్ల, ఆస్తి లేకపోవడం వల్ల ఏర్పడింది. బీనా అగర్వాల్ 1992లోనే ఈ మాట వాదించారు. 2010లో వచ్చిన ఆమె పుస్తకం గుజరాత్, నేపాల్ అటవీ సమితులను పరిశీలించి, కార్యవర్గంలో స్త్రీలు ఎక్కువగా ఉన్నచోట అడవి మెరుగ్గా కోలుకుందని చూపింది. అంటే ఆడవాళ్లకు కావలసింది పూజ కాదు, ఓటు.

అందుకే మన డిమాండ్లు సూటిగా ఉండాలి. వాడుకుంటున్న వాళ్ల లెక్క తీయకుండా ఏ ఉమ్మడి భూమినీ వ్యర్థమని రాయకూడదు. ఏ ముక్క ఎన్నేళ్లు మూయాలో, ఏది తెరిచి ఉంచాలో వంతులు నిర్ణయించే గ్రామసభలో కట్టె మోసేవాళ్ల మాట చెల్లాలి. మూసినన్నాళ్లూ వాళ్లకు మేత, వంటచెరకు చూపాలి. అటవీ భూమి అయితే, అర్హత ఉన్నచోట 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కు పత్రం అడగాలి.

ఈ పని సర్వే రాళ్లు పాతకముందే జరగాలి. మీ మండలంలో మీరు మొదలుపెట్టండి. నేను మొన్న నా నోట్సులో ‘బీడు’ కొట్టేసి, ఏం రాయమంటావని ఆమెనే అడిగాను. “మా మేపు అని రాయి” అంది. అదే రాశాను.