మాట అన్నచోటే దిద్దుకోవాలి

పొద్దుటినుంచి పొయ్యి దగ్గర నిలబడి ఇరవై మందికి వండి వడ్డిస్తే, చేసినవన్నీ వదిలేసి చేయనిదాని గురించే అడిగేవాళ్ళు ప్రతి చుట్టరికంలోనూ ఒకరుంటారు. "అన్నీ బావున్నాయి గానీ వదినా, బొబ్బట్లు చేయలేదేం?" అని నలుగురిలో అంటే మనసెంత చివుక్కుమంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా! సరిగ్గా ఇలాంటి మాటే సుమారు రెండున్నర వేల ఏళ్ళ కిందట ఒక బౌద్ధ భిక్షువు నోట వచ్చిందట. దాని గురించి వినయ పిటకంలో, అంటే భిక్షువుల నియమాల గ్రంథంలో, పెద్ద కథే ఉంది. ఈ వారం ఆ కథ చెప్పుకుందాం.

మచ్ఛికాసండం అనే ఊళ్ళో చిత్తుడనే గృహస్థు ఉండేవాడు. భిక్షువులంటే ఎంతో గౌరవం. ఆ ఊరి విహారంలో ఉండే సుధమ్ముడనే భిక్షువుని ముందు అడగనిదే ఇంకే భిక్షువునీ భోజనానికి పిలిచేవాడు కాదు. ఒకసారి సారిపుత్తుడు, మొగ్గల్లానుడు వంటి పెద్దలు ఆ ఊరు వచ్చారు. వాళ్ళ ధర్మబోధ విన్న సంతోషంలో చిత్తుడు అక్కడికక్కడే మర్నాటి భోజనానికి పిలిచేశాడు. ఆ తర్వాత సుధమ్ముడి దగ్గరికెళ్ళి "మీరు కూడా దయచేయండి" అన్నాడు. ముందుగా తనని అడగలేదని ఆయనకి కోపం వచ్చింది. మూడుసార్లు బతిమాలినా రానన్నాడు. తెల్లారేసరికి మాత్రం ఏమేం వండించాడో చూద్దామని బయల్దేరి వెళ్ళాడు. (మన పెళ్ళిళ్ళలో అలిగే పెద్దమనుషులు గుర్తొస్తున్నారా?) అన్నీ చూసి, "చాలానే చేయించావు గృహపతీ, ఒక్కటే తక్కువ, నువ్వుల పిండివంట" అన్నాడు.

వినడానికి చిన్న మాటే. కానీ చిత్తుడి పూర్వీకుల్లో పిండివంటలు అమ్ముకుని బతికిన మనిషి ఒకడున్నాడనీ, పుట్టుకని ఎత్తిపొడవడానికే ఆయన ఆ మాట అన్నాడనీ పాత వ్యాఖ్యానం చెబుతోంది. అన్నం పెట్టే ఇంట్లో నిలబడి అన్న మాట అది.

సుధమ్ముడు శ్రావస్తి వెళ్ళి జరిగిందంతా బుద్ధుడికి చెప్పుకున్నాడు. ఆయన గట్టిగా మందలించాడు. నువ్వు వెళ్ళి ఆ గృహస్థుని క్షమాపణ అడగాలని సంఘం తీర్మానించింది. గృహస్థులు వంగి దణ్ణం పెట్టే భిక్షువు తిరిగి ఒక గృహస్థు ముందు తల వంచాలన్నమాట! సుధమ్ముడు ఆ ఊరిదాకా వెళ్ళాడు, కానీ సిగ్గుతో నోరు పెగల్లేదు. అడక్కుండానే తిరిగొచ్చేశాడు.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఉంది. "పోన్లే, వెళ్ళావు కదా, చాలు" అని బుద్ధుడు అనలేదు. మళ్ళీ ఒంటరిగా తోలెయ్యనూ లేదు. ఒక భిక్షువుని తోడిచ్చి పంపమన్నాడు. ముందు తప్పు చేసినవాడే క్షమించమని అడగాలి. అవతలి మనిషి క్షమించకపోతే తోడు వచ్చినవాడు తన మాటగా అడగాలి. అప్పటికీ కాదంటే సంఘం మాటగా అడగాలి. అయినా క్షమించకపోతే ఆ గృహస్థుకి కనబడేటట్టు, వినబడేటట్టు చేతులు జోడించి కూర్చుని చేసిన తప్పు ఒప్పుకోవాలి. ఇన్ని నియమాలు పెట్టారు గానీ, చిత్తుడు క్షమించి తీరాలన్న నియమం మాత్రం పెట్టలేదు. దెబ్బ తిన్నవాళ్ళ మనసుకి గడువు పెట్టే హక్కు కొట్టినవాళ్ళకి లేదు కదండీ.

ఈ కథ ఇప్పుడెందుకంటే, ఒక సోదరి రాసిన ఉత్తరం చూసి మనసు బరువెక్కింది. వాళ్ళింట్లో ఉంగరం కనబడకపోతే పనమ్మాయిని అనుమానించి, వీధిలో నలుగురూ వింటుండగా దొంగ అని కేకలేసి మానిపించేశారట. ఆ మాట పట్టుకుని ఇంకో రెండిళ్ళవాళ్ళు కూడా మానిపించారు. నెల తిరక్కుండా ఉంగరం బియ్యం డబ్బాలో దొరికింది. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. పండక్కి ఆ అమ్మాయిని పిలిచి కొత్త చీర పెడితే, తీసుకుంది గానీ తలెత్తి చూడలేదట. "గుళ్ళో అన్నదానం చేయించాను, శనివారాలు ఉపవాసం ఉంటున్నాను, నా పాపం పోతుందా?" అని ఆవిడ అడుగుతున్నారు.

సోదరీ, మీ మనసు మంచిది కాబట్టే ఇంత బాధపడుతున్నారు. కానీ దొంగ అన్న మాట గుళ్ళో అనలేదు, వీధిలో అన్నారు. అది అక్కడే దిగాలి. చీరకి నోరుంటే "మా అమ్మగారిదే పొరపాటు" అని చెప్పేదేమో! అది చెప్పలేదు కాబట్టే ఆ అమ్మాయి తలెత్తలేదు.

ఇలాంటి తేడా గొప్పవాళ్ళ దగ్గర కూడా కనిపిస్తుంది. అశోకుడు క్రీస్తు పూర్వం 261 ప్రాంతంలో కళింగం మీద యుద్ధం చేశాడు. లక్ష మంది చచ్చిపోయారు, లక్షా యాభై వేల మందిని చెరపట్టి తరలించారు, ఆ తర్వాత ఇంకా ఎన్నో రెట్లు మంది చనిపోయారు అని తనే చెప్పుకుని, ఎంతో పశ్చాత్తాపపడుతూ రాళ్ళమీద చెక్కించాడు. అది ఆయన పదమూడో శాసనం. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి కొండరాళ్ళ మీద కూడా ఉంది. కానీ దెబ్బతిన్న కళింగంలోనే, అంటే ఇప్పటి ఒడిశాలోని ధౌలి, జౌగడలలో, ఆ శాసనం చెక్కించలేదు. దాని బదులు, జనాన్ని బిడ్డల్లా చూడండి, అన్యాయంగా బంధించి బాధపెట్టకండి అని అధికార్లకి వేరే ఆజ్ఞలున్నాయి. అవి మంచి ఆజ్ఞలే, కాదనను. కారణం ఏదైనా, నావల్ల మీకు ఇంత జరిగింది అన్న మాట మాత్రం వినాల్సినవాళ్ళ ఊళ్ళో లేదు. చీర పెట్టి మాట దాచుకోవడం కూడా ఇలాంటిదే కదూ!

అయితే మాట చెప్పేసినంత మాత్రాన అన్నీ చక్కబడిపోతాయా? అంగుళిమాలుడి కథ మీలో చాలామంది వినే ఉంటారు. మనుషుల్ని చంపి వాళ్ళ వేళ్ళు దండ గుచ్చుకున్న దొంగ, బుద్ధుడి బోధతో భిక్షువయ్యాడు. పట్టుకోవడానికి బయల్దేరిన ప్రసేనజిత్తు రాజు కూడా అతని మార్పు చూసి శిక్షించకుండా వదిలేశాడు. కానీ భిక్షకి వెళితే రాళ్ళూ కర్రలూ మట్టిపెళ్ళలూ వచ్చి తగిలేవి. ఒకనాడు తల పగిలి, భిక్షాపాత్ర విరిగి, చీవరం చిరిగి నెత్తురోడుతూ వస్తే, ఓర్చుకోమన్నాడు బుద్ధుడు. నువ్వు మారావు కాబట్టి ఇక ఎవరూ ఏమీ అనకూడదు అని ఊరివాళ్ళకి చెప్పలేదు. అదే అంగుళిమాలుడు ప్రసవం కష్టమై అల్లాడుతున్న ఒక స్త్రీని చూసి చలించిపోయి, బుద్ధుడు చెప్పినట్టు సత్యవాక్యం పలికితే తల్లీ బిడ్డా క్షేమంగా బయటపడ్డారని కథ. శ్రీలంకలో నేటికీ గర్భిణుల కోసం ఆయన పేరుమీద రక్షామంత్రం చదువుతారు. ప్రాణాలు తీసిన మనిషి పేరు పురిటికి రక్ష అయిందంటే, అది ఏడ్చి సంపాదించుకున్నది కాదు, ఓర్చుకుంటూ వేరేగా బతికి సంపాదించుకున్నది.

అలాగని రాత్రింబవళ్ళు "అయ్యో, ఎంత పని చేశాను" అని కుమిలిపోమని బౌద్ధం చెప్పదు. అలా కుమిలే గుణాన్ని వాళ్ళు మనసుకి అడ్డుపడే అయిదు దోషాల్లో చేర్చారు. బాధపడినంత మాత్రాన చేసింది చేయనిది కాదు, కాబట్టి అది తప్పని గుర్తించి, మళ్ళీ చేయకుండా, అందరిపట్లా మైత్రి పెంచుకోమని బుద్ధుడు ఒక గ్రామపెద్దకి చెప్పాడు. ఆలోచిస్తే నిజమే. మనం కుమిలిపోతున్నంతసేపూ మన బాధే మనకి పెద్దదిగా కనిపిస్తుంది, ఆ అమ్మాయి పోగొట్టుకున్న రెండిళ్ళ పని గుర్తుకే రాదు.

అందుకని సోదరీ, ఒక్కరే వెళ్ళడానికి కాళ్ళు రాకపోతే ఆ వీధిలోనే పెద్దావిడ నొకరిని తోడు తీసుకెళ్ళండి. ఆ అమ్మాయి ఇంటికి మీరే వెళ్ళండి, కబురంపకండి. "ఉంగరం మా ఇంట్లోనే దొరికింది, నిన్ను దొంగ అన్నాను, తప్పు నాది" అని చెప్పండి. "కానీ ఆ రోజు నా పరిస్థితి..." అని మాత్రం మొదలుపెట్టకండి. పనిలోంచి తీసేసిన ఆ రెండిళ్ళకీ వెళ్ళి ఇదే మాట చెప్పండి. పోయిన నెలల జీతం లెక్కకట్టి ఇవ్వండి, అది దానం కాదు, బాకీ. ఆ అమ్మాయి మళ్ళీ మీ ఇంటికి పనికి రాకపోవచ్చు, మాట్లాడకపోనూవచ్చు. అది ఆమె ఇష్టం. అన్నదానం తర్వాత కూడా చేయించుకోవచ్చు, తొందరేం లేదు.

మిగతా అక్కచెల్లెళ్ళకీ ఒక మాట. పిల్లాణ్ణి చుట్టాల ముందు అనవసరంగా కొట్టినా, కోడల్ని వంటింట్లో పదిమందిలో పుట్టింటివాళ్ళతో కలిపి తిట్టినా, పొద్దున్నే గుప్పెడు మంచిమాటలు ఏకాంతంగా చెప్పి ఊరుకోకండి. విన్నవాళ్ళందరూ ఉన్నప్పుడే దిద్దుకోండి. మొదటిసారి నోరు పెగలకపోవచ్చు, సుధమ్ముడికీ పెగల్లేదు. రెండోసారి తోడు తీసుకుని వెళితే ఆయనకీ క్షమాపణ దొరికిందని, ఆ తర్వాత సరిగ్గా నడుచుకున్నాడని ఆ గ్రంథంలోనే ఉంది.